మాఫీ అయిన బాకీకి వడ్డీ

సాహిత్య పత్రికలో చర్చి గొడవ ఎందుకని పాఠకుల్లో కొందరు అడగవచ్చు. అడగటం న్యాయమే. అయితే ఈ గొడవ పుట్టింది చర్చిలో కాదు, తెలుగు సంఘంవారి ఉగాది సభలో. అందుచేత ఇది ఈ పత్రికకు చేరవలసిన విషయమేనని నా అభిప్రాయం. పైగా ఇందులో తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒప్పుకోవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు కనిపించలేదు.

కర్ణాటకలో నేను బ్రాంచి మేనేజరుగా పనిచేసిన ఒక ఊళ్లో నాలుగైదు తరాలుగా తెలుగువాళ్లున్నారు. గట్టిగా లెక్కపెడితే మూడు వందల గడప ఉండదు. ఏటా ఉగాదికి హాలు అద్దెకు తీసుకుని పంచాంగ శ్రవణం, పిల్లల చేత పద్యాలు, చివర భోజనాలు పెట్టుకుంటారు. ఆ ఏడు ఒక ఉపాధ్యాయినిని వేదిక మీదికి పిలిచారు. ఆవిడ మా చర్చి సభ్యురాలు. ఊళ్లో బడుల నుంచి తెలుగు పోయి చాలా కాలమైంది. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగిశాక ఆవిడ తన ఇంటి వరండాలో పదిహేను ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుంది. వాళ్లలో సగం మంది కూడా క్రైస్తవుల పిల్లలు కారు. సభలో జ్యోతి వెలిగించమన్నారు. తెలుగు తల్లి పటం ముందున్న దీపం వెలిగించింది. ఉగాది పచ్చడి చేతిలో పెట్టారు, తిన్నది. రెండు మాటలు మాట్లాడి దిగిపోయింది.

ఎవరో సెల్‌ఫోనులో ఫొటో తీశారు. వారం తిరక్కుండా చర్చి కమిటీ కూర్చుంది. విగ్రహారాధనలో పాల్గొన్నందుకు మూడు నెలలపాటు ఆవిడ ప్రభు భోజనపు బల్లకు రాకూడదని తీర్మానించింది. కమిటీకి కోశాధికారిని నేనే. బ్యాంకు ఉద్యోగి దొరికితే చర్చివాళ్లు ముందుగా అంటగట్టేది ఆ పదవినే కదా! తీర్మానాల పుస్తకం నా ముందుకు వచ్చినప్పుడు, రోజూ వోచర్ల మీద పెట్టినట్టే, చదివీ చదవకుండా సంతకం పెట్టాను.

తర్వాతి నెల మొదటి ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే వచ్చి తన బెంచీలోనే కూర్చుంది. రొట్టె పళ్లెం వచ్చింది. డీకనుగారు దాన్ని ఆవిడ తల మీదుగా ఎత్తి పక్కనున్న అత్తగారికి అందించారు. ఆ ముసలమ్మ చేయి చాచబోయి వెనక్కు తీసుకుంది. ఆవిడా తినలేదు. రెండు బెంచీల వెనక కూర్చున్న నేను మాత్రం తిన్నాను. గొంతు దిగిందని చెప్పలేను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి గలతీయులకు పౌలు రాసిన పత్రిక తీశాను. ఆరే అధ్యాయాలు. ఎన్నోసార్లు చదివినదే. కానీ అంతకు ముందు చదివిందంతా బీకాంలో కంపెనీ చట్టం చదివినట్టు, పరీక్ష కోసమేనని ఆ రోజు తెలిసింది.

గలతీయ అంటే ఇప్పటి టర్కీ దేశపు నడిభాగం, అంకారా ఉన్న ప్రాంతం. అక్కడ పౌలు సువార్త చెప్పి వెళ్లిపోయాక వేరే బోధకులు వచ్చారు. విశ్వాసం మంచిదే, కానీ అది చాలదు, సున్నతి కూడా చేయించుకోవాలి, యూదుల ధర్మశాస్త్రం పాటించాలి, అప్పుడే మీరు పూర్తిగా దేవుని ప్రజలవుతారు అన్నారు. ఇది విన్న పౌలుకు వచ్చిన కోపం మామూలుది కాదు. ఎవరికి ఉత్తరం రాసినా మొదట వాళ్లను తలచుకుని దేవునికి స్తోత్రం చెప్పడం ఆయన అలవాటు. ఈ ఉత్తరంలో అది లేదు. నేరుగా దెబ్బలాటకే దిగాడు. సున్నతి బోధకుల మీద ఒకచోట వేసిన మోటు హాస్యం ఇక్కడ రాస్తే సంపాదకులు ఒప్పుకోరు.

ఆ బోధకులు దుర్మార్గులని నేననను. రోమా సామ్రాజ్యంలో ఊరూరా చెదిరి బతికిన యూదులు కరిగిపోకుండా నిలబడ్డారంటే సున్నతి, విశ్రాంతి దినం, ఆహార నియమాలు కాపాడటం వల్లనే. ఆ మాట మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న తెలుగువాడు తన ఇంటి పెళ్లితంతులో ఒక్క ముక్క వదలమంటే ఎంత బాధపడతాడో మనకు తెలుసు. అసలు ఊళ్లో ఉన్న బంధువులు ఏనాడో వదిలేసినవి కూడా మనం పట్టుకుని ఉంటాం. మా చర్చివాళ్ల సంగతి ఇంకా ఇరుకు. కన్నడిగుల్లో తెలుగువాళ్లు, ఆ తెలుగువాళ్లలో క్రైస్తవులు. చుట్టూ కంచె మీద కంచె. ఎక్కడ ఒక ముల్లు ఊడినా మొత్తం పోతుందన్న భయం. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. దానికి సువార్త అని పేరు పెట్టినప్పుడే నా తగాదా.

పౌలు ధర్మశాస్త్రాన్ని దేనితో పోల్చాడో చూడండి. తెలుగు బైబిలులో ఆ మాటకు బాలశిక్షకుడు అని ఉంది. అది చదవగానే మనకు పెద్దబాలశిక్ష, చేతిలో బెత్తం పట్టుకున్న పంతులుగారు గుర్తుకొస్తారు. గ్రీకు మాటకు అర్థం అది కాదట. కలిగినవాళ్ల ఇళ్లలో పిల్లవాడిని బడికి తీసుకెళ్లి తీసుకురావడానికి, దారిలో అల్లరి చేయకుండా చూడటానికి ఒక దాసుడు ఉండేవాడు. వాడి పేరు అది. వాడు కాపలాదారు, గురువు కాడు. పిల్లవాడు పెద్దవాడైన రోజున వాడి పని అయిపోతుంది. ఎదిగిన కొడుకు ఇంటి వ్యవహారం చూసుకునేటప్పుడు కూడా ఆ దాసుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటే ఎలా ఉంటుంది? మా కమిటీ అలా ఉంది.

2008లో కేంద్ర ప్రభుత్వం రైతుల రుణాలు మాఫీ చేసింది. అప్పుడు నేను బళ్లారి జిల్లాలో ఒక పల్లెటూరి బ్రాంచిలో ఆఫీసరుని. రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న చిన్న, సన్నకారు రైతులకు అర్హమైన బాకీ మొత్తం రద్దు. అంతకు మించి ఉన్నవాళ్లకు వేరే పద్ధతి. వాళ్లు నూటికి డెబ్భై అయిదు వంతులు కడితే మిగిలిన ఇరవై అయిదు వంతులు ప్రభుత్వం భరిస్తుంది. జాబితాలు నోటీసు బోర్డుకు అంటించాం, పత్రాలు ఇచ్చాం. ఒక పెద్దాయన, మూడెకరాల ఆసామి, మాఫీ పత్రం తీసుకున్న కొన్నాళ్లకు తువ్వాలు కొంగులో మూడు వేలు కట్టుకుని కౌంటరు దగ్గరకు వచ్చాడు. "కట్టించుకో సారూ, రేపు మళ్లా యెవురన్నా వచ్చి అడిగితే?" అన్నాడు. ఖాతా మూసేశాం పెద్దాయనా, ఈ డబ్బు జమ చేయడానికి ఖాతాయే లేదు అన్నాను. ఆయన నమ్మలేదు. మళ్లీ రెండుసార్లు వచ్చాడు. ఆయన కళ్లలో ఉన్నది నిజాయితీ ఒక్కటే కాదు, జీవితమంతా అప్పులవాళ్ల ముందు నిలబడినవాడి భయం.

కొలస్సయివారికి రాసిన ఉత్తరంలో పౌలు వాడిన పోలిక మా బ్యాంకు భాషలోదే. మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు కొట్టివేశాడని, దాన్ని సిలువకు మేకులతో కొట్టాడని ఆయన అన్నాడు. పత్రం రద్దయింది, ఖాతా మూతపడింది. విశ్వాసమంటే ఆ మాట నమ్మి, తువ్వాలు కొంగు విప్పుకుని ఇంటికి పోయి సాగు చేసుకోవడం. మా చర్చివారి సువార్త మాత్రం రెండో తరగతి రైతుల పథకం. బొట్టు చెరపటం, పూలు మానటం, సినిమాకు పోకపోవటం, ఆదివారం తెల్లచీర, దశమభాగం, వీటితో డెబ్భై అయిదు వంతులు నువ్వు కట్టు, తక్కిన పాతిక వంతులు క్రీస్తు భరిస్తాడు. ఆ దశమభాగం రిజిస్టరు తయారు చేసింది నేనే. బ్యాంకు లెడ్జరు మాదిరి గళ్లు గీసి, బాకీ ఉన్నవాళ్ల పేర్లకు ఎర్ర సిరా వాడాను. ఎంత శుభ్రంగా ఉందోనని పాస్టరుగారు మెచ్చుకున్నారు కూడా.

ఇక్కడ కమిటీ పెద్దలు వేసే ప్రశ్న నాకు తెలుసు. నియమాలు తీసేస్తే జనం విచ్చలవిడిగా పోరా? ఇదే ప్రశ్న 2008లో మేమూ వేశాం. మాఫీ చేస్తే ఇక ఎవడు అప్పు కడతాడు అని భోజనాల దగ్గర అందరికంటే గట్టిగా వాదించింది నేనే. బ్యాంకు వరకు ఆ భయంలో నిజం లేదని ఇప్పటికీ అనను. పౌలును కూడా ఇదే అడిగారు. కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూ పోదామా అన్న ప్రశ్నను ఆయనే రోమీయుల పత్రికలో ఎత్తుకుని ససేమిరా కాదన్నాడు. ఎందుకు కాదో ఆయన చెప్పిన కారణమే ముఖ్యం. బ్యాంకు మాఫీ చేస్తే కాగితం మారుతుంది, రైతు అదే రైతు. దేవుడు క్షమిస్తే మనిషే మారతాడని, పాత మనిషి చచ్చి కొత్తవాడు లేస్తాడని పౌలు నమ్మకం. గలతీయులకు రాసేటప్పుడు చెడ్డవాటిని కార్యాలు అని బహువచనంలో అన్నాడు. ప్రేమ, సంతోషం, సమాధానం, ఓర్పు వగైరాలను మాత్రం ఫలం అని ఏకవచనంలో అన్నాడు. కార్యాలను రిజిస్టరులో ఎక్కించవచ్చు. ఓర్పుకు ఏ గడి గీస్తాం? ఉద్యోగంలో సర్క్యులర్లు ఎన్నో చూశాను. సర్క్యులరు చదివి మామిడిచెట్టు కాయగా చూడలేదు.

ఆ ఉపాధ్యాయిని వరండా సంగతే తీసుకోండి. భర్త పోయిన ఏడాదే ఆ తరగతి మొదలుపెట్టింది. ఫీజు లేదు. పలకలు తనే కొంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి తలుపేసుకోకుండా ఊరి పిల్లలకు తలుపు తీసింది. దీన్ని ఆత్మ ఫలం అనకపోతే ఇంకేమనాలి? మా తీర్మానాల పుస్తకంలో ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కసారీ ఎక్కలేదు. ఒక చెంచాడు పచ్చడి ఎక్కింది.

పచ్చడి విషయానికి లేఖనాధారం ఉందంటారు. ఉంది, కాదనను. యెరూషలేములో కూడిన పెద్దలు అన్యజనుల మీద సున్నతి భారం మోపకూడదని తేల్చి, విగ్రహాలకు అర్పించినవాటిని తినకుండటం మొదలైన నాలుగు సంగతులు మాత్రం పాటించమన్నారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. కానీ కొరింథు సంఘానికి పౌలు చెప్పినదేమిటి? కటికవాని అంగడిలో అమ్మేది ఏమీ విచారించకుండా తినమన్నాడు. ఇది అర్పించినది అని ఎవడైనా చెబితే, అలా చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. మరి ఆ ఉగాది పచ్చడి ఏ దేవుడికి నైవేద్యం పెట్టారు? ఎవరికీ పెట్టలేదు. వంట కాంట్రాక్టరు తెల్లవారుజామున కలిపి స్టీలు బకెట్లో పంపాడు. ఆయన కన్నడిగుడు. తన ఇంట్లో బేవు బెల్ల తిని మన పచ్చడిలో చింతపండు ఎందుకని నవ్వాడట. కమిటీలో ఒక్కరు కూడా ఆయన్ని అడగలేదు. నేనూ అడగలేదు, తర్వాత విన్నాను.

దీపం సంగతి కొంచెం కష్టమైనదే. పటం ముందు దీపం పెడితే పూజ అవుతుందా, మర్యాద అవుతుందా అన్నది వెలిగించినవారి మనసును బట్టి ఉంటుంది. మనస్సాక్షికి ఇబ్బందిగా ఉన్నవాడు వెలిగించనక్కరలేదు. అతన్ని తెలుగు సంఘంవారు తప్పుపట్టనూ కూడదు. రోమీయుల పత్రిక 14వ అధ్యాయం దాదాపు ఇదే. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఆవిడ మనసులో ఏముందో తెలుసుకోవాలంటే ఆవిడనే పిలిచి అడగాలి. బాకీదారుకు కూడా మేము నోటీసు ఇచ్చి గడువిస్తాం. ఆవిడకు అదీ లేదు.

అన్యుల సంస్కృతి అంటారా, మా కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పాటకీ పైన రాగం, తాళం వేసి ఉంటాయి. గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం వదిలి, కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) ఆ కీర్తనలు కట్టినవారిలో ముఖ్యులు. బరంపురం పాఠకులకు ఆయన పేరు పరాయిది కాదు. ఆయన జంధ్యం వదిలారు గాని రాగం వదల్లేదు. ఆ రాగాలు గుళ్లలో పుట్టాయా, భజనల్లో పెరిగాయా అని ఆయన విచారించలేదు. మేమూ విచారించకుండా తరతరాలుగా పాడుకుంటున్నాం. రాగానికి లేని మైల పచ్చడికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

నియమాలన్నీ చెడ్డవని నేననడం లేదు. ఇది మా ఇంటి చరిత్రే కనుక కాస్త చెబుతాను. మా పూర్వీకులు ఒంగోలు వైపు మాదిగలు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను మొక్కకూడదు. ఈ మూడింటినీ ఆ నాటి మాదిగ గూడెంలో నిలబడి చూడండి. ఆదివారం పనికి రానంటే వెట్టికి రానని చెప్పడం. చచ్చిన గొడ్డు తిననంటే ఊరు పారేసింది ఎత్తుకోనని చెప్పడం. జాతరకు డప్పు కొట్టనంటే ఆసామి కళ్లలోకి చూసి మాట్లాడటం. అందుకోసం దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారంటే, ఆ జనం అంతకు ముందు రెండేళ్ల కరువును చూసి వచ్చినవాళ్లు. వాళ్లకు ఆ మూడు నియమాలూ తల ఎత్తుకోవడానికి పనికొచ్చాయి. అదే మూడో నియమం ఇవాళ మా చేతిలో ఒక విధవరాలి తల దించడానికి పనికొచ్చింది. మాట అదే, ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

క్లౌ దొరగారి కథ ఇంకొకటి మా నాయనమ్మ చెప్పేది. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలిసి, అంతవరకు ఆసక్తి చూపిన పై కులాలవారు వెనక్కు తగ్గారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందట. లోకం చిన్నచూపు చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు. ఆ నిర్ణయం అటుగా కాక ఇటుగా జరిగి ఉంటే నేను ఇవాళ బ్యాంకు మేనేజరుని కాను, ఈ వ్యాసమూ ఉండేది కాదు.

అంతియొకయలో జరిగింది కూడా పంక్తి గొడవే. పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉన్నవాడు, యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్లు రాగానే మెల్లగా విస్తరి వేరు చేసుకున్నాడు. బర్నబా కూడా అదే దారి పట్టాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. అంత పెద్దవాణ్ణి అలా అనవచ్చా అని మర్యాదస్తులు అడుగుతారు. ఎవరితో కూర్చుని తింటావన్నది పౌలుకు మర్యాద విషయం కాదు, సువార్త విషయం.

మరి మా కమిటీ ఎవరి విస్తరి వేరు చేసింది? పచ్చడి తిన్నావిడది. కులం చూసి పిల్లనిచ్చేవాళ్ల విస్తరి ఎన్నడైనా వేరు చేసిందా? మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు అని పెళ్లి మాటల్లో నోరారా అంటారు. దేవునియందు భయభక్తులు గల వధువు కావలెను అని ప్రకటన ఇచ్చి, ఫోనులో మొదట అడిగేది మీరేవిట్లు అని. మా కమిటీ తొమ్మిదిమందిలో ఆ ప్రశ్న అడగనివారు ఎందరో నాకు తెలుసు, ఆ లెక్క ఇక్కడ రాయను. మద్రాసు వేపేరి సంఘంలోను తంజావూరులోను కులాల వారీగా కూర్చునే పద్ధతి మానాలని బిషప్ డేనియల్ విల్సన్ 1833లో ఉత్తరువు వేస్తే, చాలామంది కులాన్ని వదలడానికి బదులు సంఘాన్నే వదిలారు. నూట తొంభై ఏళ్లు దాటింది. ఈ పాపానికి మూడు నెలల శిక్ష వేసిన తీర్మానం ఒక్కటి నేను చూడలేదు. వేస్తే బల్ల దగ్గర పళ్లెం పట్టుకోవడానికి కూడా మనుషులు మిగలరేమో.

పౌలు ఆ ఉత్తరం చివర కలం తనే తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. సున్నతి ఉన్నా లేకున్నా ఒకటే, మనిషి కొత్తగా సృష్టింపబడ్డాడా లేదా అన్నదే లెక్క అని. గమనించండి, సున్నతి లేనివాడికి కూడా గొప్ప చెప్పుకునే వీలివ్వలేదు. కనుక పచ్చడి తిన్నందువల్ల మనం విశాలహృదయులమని తెలుగు సంఘంవారు కూడా మురిసిపోనక్కరలేదు. తెలుగు సంఘం భోజనాల దగ్గర ఎవరెవరు ఒక మూల చేరతారో నేను చూశాను.

మూడు నెలలు పూర్తయ్యాక ఆవిడను బల్లకు రమ్మని కబురు పెట్టారు. ఏ తప్పుకు శిక్ష వేశారో ఆ తీర్మానం రద్దు చేసి, వేసినప్పుడు చదివినట్టే సంఘం ముందు చదివితే వస్తానంది. శిక్షాకాలం తీరిపోయింది కనుక రద్దు చేయవలసింది ఏమీ లేదని కమిటీ అంది. నేను కోశాధికారి పదవి వదులుకుని, దశమభాగం రిజిస్టరు అప్పగించి, ఆ తీర్మానం మీద పెట్టిన నా సంతకాన్ని వెనక్కు తీసుకుంటున్నానని రాసిచ్చాను. నెల తర్వాత జవాబు వచ్చింది. ఒకసారి మినిట్సులో ఎక్కిన సంతకాన్ని తీసివేసే పద్ధతి మన నియమావళిలో లేదట.